వడగట్టిన నూనె

శాంతయ్య తన కొట్టంలో ఎద్దును కట్టే చోట మోటారు సైకిలును కట్టేశాడని పేటంతా చెప్పుకుని నవ్వుకుంది. నవ్వుకోవడానికి తగ్గట్టుగానే ఉండేది ఆ వ్యవహారం. బండికి టైర్లు పొరలు పొరలుగా ఊడిపోయాయి. ట్యాంకుకు తుప్పు పట్టింది. సీటు లోపలి గుర్రపు వెంట్రుకలు ఎలుకలు లాక్కుపోయి సంసారాలు పెట్టుకున్నాయి. యాభై రెండేళ్ళ మనిషి ఆ శవం పక్కన చొక్కా విప్పుకుని కూర్చుని పొద్దస్తమానం దాన్ని తుడుస్తూ ఉంటే నవ్వకుండా ఎవరుంటారు? కొట్టం ముందు నుంచి పోయే ప్రతివాడూ ఆగి, "ఏమప్పా శాంతయ్యా, గడ్డి ఏసినావా దానికి?" అని అడిగి మరీ పోయేవాడు.

ఆ బండి పెద్దదొరది. ఆయన క్రైస్తవ మిషన్ పని మీద అమెరికా నుంచి వచ్చి, కర్నూలుకు ఇరవై మైళ్ళ దూరంలో ఈ నాపరాళ్ళ నేల మీద బంగళా, గుడి, చిన్న ఆసుపత్రి కట్టుకుని, పద్దెనిమిదేళ్ళు ఉండి, ఒంట్లో బాగాలేక ఆరేళ్ళ కిందట దేశం వెళ్ళిపోయాడు. పోతూ పోతూ బండిని బంగళా వెనక రేకుల కింద నిలబెట్టి గోనెపట్టా కప్పించాడు. ఆ గోనెపట్టా కప్పినవాడు శాంతయ్యే. దొర దగ్గర అతనికి ఫలానా ఉద్యోగం అంటూ ఏమీ లేదు. కాంపౌండులో ఏది విరిగితే అది బాగుచెయ్యడమే పని. కుర్చీ కాలైనా, బావి గిలకైనా, హార్మోనియం తిత్తి అయినా శాంతయ్య చెయ్యి తగలాల్సిందే.

చేతిపని అతనికి తండ్రి నుంచి వచ్చింది. తండ్రి బావుల్లో నీళ్ళు తోడే తోలు కపిలబానలు కుట్టేవాడు. ఒక్క చుక్క కారని కుట్టు వేస్తాడని చుట్టుపక్కల రైతులందరికీ పేరు తెలుసు. తంగేడు చెక్క నీళ్ళలో తోళ్ళు నానబెట్టే తొట్ల పక్కన పుట్టి పెరిగిన శాంతయ్యకు తండ్రి చెయ్యి వచ్చింది గానీ ముక్కు మాత్రం పోయింది. మల్లెపూలూ చచ్చిన ఎలుకా అతనికి ఒకటే. దీని మీద పేటలో చాలా జోకులు ఉండేవి, అవి ఇక్కడ అనవసరం.

అయితే శాంతయ్య ఆ తుప్పు బండిని సరదాకు ముందేసుకోలేదు. అతనికి ఉన్నది ఒక్క కూతురు, జీవమ్మ. తల్లి పోయిన తర్వాత దొరగారే బోర్డింగు బడిలో చదివించి, నర్సు పని నేర్పించి, ఇక్కడి ఆసుపత్రిలోనే పెట్టించాడు. చుట్టుపక్కల పద్దెనిమిది పల్లెల్లో కాన్పు కష్టమైతే ఆమెకే కబురు. చేనేతవాళ్ళ పల్లెలో సుంకమ్మ అనే ఆవిడకు అడ్డం తిరిగిన బిడ్డను ప్రాణాలతో బయటికి తీసినప్పటి నుంచి ఆ పల్లెవాళ్ళు జీవమ్మ పేరెత్తితే దండం పెట్టేవాళ్ళు. కానీ ఎక్కడికి పోవాలన్నా నడకే. నాలుగు మైళ్ళు, ఆరు మైళ్ళు ఎండలో నడిచి పోయేసరికి కొన్నిసార్లు ఆలస్యమైపోయేది. అలాంటి రోజు ఇంటికొచ్చి ఆమె అన్నం ముట్టేది కాదు.

పంతొమ్మిది వందల ముప్పై ఒకటో సంవత్సరం నవంబరులో కర్నూలు నుంచి మిషన్ కమిటీ వాళ్ళ కాగితం వచ్చింది. అమెరికాలో డబ్బుకు కరువొచ్చిందట, చందాలు రావడం లేదట. నర్సు కాలినడకన తిరిగే చిన్న ఆసుపత్రులను మూసేసి, నర్సులను కోస్తాలోని పెద్దాసుపత్రికి పంపించాలని తీర్మానించారట. మన ఊరి ఆసుపత్రికి మాత్రం ఒక దారి వదిలారు. పెద్దదొర వదిలి వెళ్ళిన మోటారు సైకిలు ఈస్టరు పండగ లోపల తనంతట తాను నడుచుకుంటూ కర్నూలు కమిటీ ఆఫీసు ముందుకు వచ్చి నిలబడితే, నర్సుకు బండి ఉన్నట్టు లెక్క, ఆసుపత్రి ఉంటుంది. లేదంటే బండి వేలానికి, జీవమ్మ కోస్తాకు.

ఈ కాగితం చదివి వినిపించినవాడు పేట బడిపంతులు దావీదురాజు. ఆయన శాంతయ్యకు చిన్ననాటి స్నేహితుడు, సంఘంలో పెద్ద. జన్మలో అబద్ధం ఆడలేదని ఆయనకు పేరు, ఆ పేరంటే ఆయనకు కొంచెం గర్వం కూడా.

"కోస్తా అంటే యాడప్పా? ఎంత దూరముండాది?" అని అడిగాడు శాంతయ్య.

"రెండు రైళ్ళు మారల్ల," అన్నాడు దావీదురాజు.

ఆ సాయంత్రమే శాంతయ్య ఎద్దును అమ్ముతానని కబురు పంపి, బండిని తోసుకొచ్చి కొట్టంలో పెట్టాడు.

అతను చేసిన పని చెప్పుకోవాలంటే చాలా ఉంది. ఇంజనును ఊడదీసి మరనూ మేకునూ తీసిన వరసలోనే చాప మీద పరిచి, తీసిన వరసకు ఎదురుగా మళ్ళీ బిగించడం నేర్చుకున్నాడు. ఇంజనులో నూనెను అంటించే నిప్పు మిణుగురు పుట్టించే పెట్టెకు చెమ్మ పట్టి ఉంటే మాఘమాసపు ఎండలో వారం రోజులు ఆరబెట్టాడు, సాయంత్రం కాగానే పసిబిడ్డను తెచ్చినట్టు లోపలికి తెచ్చేవాడు. నూనె దిగే సన్నటి బెజ్జం మూసుకుపోతే గాడిద తోక వెంట్రుకతో పొడిచి తెరిచాడు. కర్నూలు పోయి పాత కారు టైర్లు తెచ్చి, కోసి, కుట్టి చక్రాలకు తొడిగాడు. ఆ కాలపు బండికి గొలుసు ఉండదు. ఇంజను నుంచి వెనక చక్రానికి ఒక తోలు పట్టీ తిరుగుతుంది. పాతది పేలికలైపోయింది. అది చూసినప్పుడు శాంతయ్య మొదటిసారి నవ్వాడు. ఇంకేదైనా అయితే ఎవరినో అడగాలి, తోలు గురించి ఎవరిని అడుగుతాడు? దున్నపోతు తోలు వీపు మీది భాగం ఎంచి, తండ్రి చేసినట్టే తంగేడు చెక్కలో నానబెట్టి, మూడు వరసలు కలిపి కుట్టాడు. ఆ కుట్టు చూసి దావీదురాజు, "మీ నాయన బతికొచ్చినాడప్పా," అన్నాడు.

అన్నీ అయ్యాయి గానీ బండిని నడిపించడం ఎలాగో ఎవరికీ తెలియదు. దొర ఉన్నప్పుడు దాని మీద ఒక్క చెయ్యి పడనిచ్చేవాడు కాదు. నూనె డబ్బాలు కూడా తాళం వేసిన గదిలో పెట్టుకుని తానే పోసుకునేవాడు, బీడీ తాగేవాళ్ళను ఆ చాయలకు రానిచ్చేవాడు కాదు. ఆ సంగతి ముందే ఆలోచించి జీవమ్మ కమిటీ కాగితం వచ్చిన వారంలోనే, తనకొచ్చిన ఇంగ్లీషులో అమెరికాకు దొర పేర జాబు రాసింది. జవాబు మార్చి మొదట్లో వచ్చింది. దొర ముసలి చేతితో రెండు కాగితాలు రాశాడు. బండి మీద ప్రేమంతా అందులో కనిపించింది.

జీవమ్మ కొట్టంలో తండ్రి ఎదురుగా తలకిందులు చేసిన గంప మీద కూర్చుని, ఒక్కో మాటా తెలుగులో చెప్పింది. మిణుగురు ఎప్పుడు పడాలో, ఏ మీట ఎంత తిప్పాలో, బండిని తోసుకుంటూ పరుగెత్తి ఎప్పుడు ఎగిరి కూర్చోవాలో అన్నీ ఉన్నాయి. చివర్లో ఒక మాట దగ్గర ఆమె ఆగి, మళ్ళీ చదువుకుని, తలెత్తింది.

"నాయనా, ట్యాంకులో గ్యాసు పోయల్లంట. మంచిది, నలక లేనిది పోయమన్నాడు. పాతది ఒక్క చుక్క కూడా ఉండకూడదంట."

"ఔ పాపా," అన్నాడు శాంతయ్య సంబరంగా. "దొర నోట ఎప్పుడూ ఆ మాటే. గ్యాసు అయిపోయింది శాంతయ్యా, గ్యాసు తెప్పియల్ల శాంతయ్యా అని ఒకటే గోల. డబ్బాలు గూడా మన నూనె డబ్బాల మాదిరే."

మన దగ్గర దీపాల్లో పోసే కిరసనాయిలును గ్యాసు నూనె అంటారు. పుట్టినప్పటి నుంచీ అదే మాట. శాంతయ్యా అన్నాడు, అతని తండ్రీ అన్నాడు, జీవమ్మ కూడా రోజూ సాయంత్రం దీపం ముట్టించేటప్పుడు అదే మాట అనేది. కాబట్టి అమెరికా నుంచి ఏడు సముద్రాలు దాటి వచ్చిన ఆ మాటను వాళ్ళిద్దరూ తమ ఇంటి మాటలాగే పలకరించారు. తప్పు ఎవరిదని అడిగితే నేను చెప్పలేను. ఆ మాటది అంటాను.

అంగట్లో తెల్లటి గ్యాసు నూనె, ఉన్నదాంట్లోకెల్లా మంచిది, కొన్నారు. నలక ఉండకూడదని దొర రాశాడు కాబట్టి సుంకమ్మ నేసి పంపిన సన్నటి గుడ్డను నాలుగు మడతలు వేసి వడగట్టారు. ఇంట్లో దీపానికి మిగిలేది కాదు. పొద్దు గూకకముందే తిని పడుకునేవాళ్ళు.

బండి కదల్లేదు.

మొదటి రోజు శాంతయ్య రోడ్డు మీద అర మైలు తోసుకుంటూ పరుగెత్తాడు. రెండో రోజు పేటలోని మగవాళ్ళు వచ్చి తోశారు. ఇంజను లోపల గుటకలు వేసినట్టు చప్పుడయ్యేది, గొట్టం లోంచి తెల్లటి పొగ కొంచెం వచ్చేది, అంతే. నవ్విన పేటే ఇప్పుడు చెమటలు కక్కుతూ తోసింది. పల్లెల నుంచి కూడా మనుషులు వచ్చారు. జీవమ్మ పోతే ఏమవుతుందో ఇంకెవరికన్నా వాళ్ళకే బాగా తెలుసు. సుంకమ్మ అప్పటికి ఏడాది నిండిన ఆ బిడ్డను చంకనేసుకుని నాలుగు మైళ్ళు నడిచొచ్చి, ఒక చెయ్యి బండికి ఆనించి తోసింది. శాంతయ్య మళ్ళీ విప్పాడు, మళ్ళీ తుడిచాడు, మళ్ళీ బిగించాడు. తాను చేసిన ప్రతి పనినీ అనుమానించాడు. ఆ నూనెను మాత్రం ఒక్కసారి కూడా అనుమానించలేదు. అది దొర చెప్పిన మాట, పైగా కూతురు చదివిన మాట.

ఈస్టరు ఇంకా ఆరు రోజులుందనగా కర్నూలు పోయాడు. అక్కడ దస్తగిరి సాయిబుకు ఒక బస్సు ఉంది. కల్లూరు మనిషి, ఇంజన్ల సంగతి బాగా తెలిసినవాడు. బస్సు కింద పడుకుని పని చేస్తూనే శాంతయ్య చెప్పిందంతా విన్నాడు.

"మిణుగురు వస్తాండాదా?"

"నీలంగా వస్తాండాది సాయిబూ."

"లోపల గాలి బిగువు ఉండాదా?"

"బెజ్జం మీద ఏలు పెడితే గాలి తోసేస్తాండాది."

"నూనె సరిగ్గా పోసినావా?"

"నాలుగు మడతల గుడ్డలో వడగట్టి పోసినా."

దస్తగిరి బస్సు కింద నుంచి తల బయటపెట్టి చూశాడు. "అయితే ఇంకేముండాదప్పా రోగం? దయ్యం పట్టినట్టుండాది నీ బండికి. ఈ వారం శానా రద్దీ, కదల్లేను. పండగ పోనీ, వచ్చి చూస్తా."

పండగ దాటితే ఇక లాభం లేదని శాంతయ్య అతనికి చెప్పలేదు. చెప్పి ఉంటే వచ్చేవాడేమో. ఎదుటివాడి పని పాడుచేసి తన కష్టం చెప్పుకోవడం ఆ మనిషికి చేతకాదు. చేతకాని చోట నోరు మూసుకోవడం మంచితనం అనుకునేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది, కానీ ఏం చేస్తాం, అలాంటివాళ్ళే ఎక్కువ.

శుభశుక్రవారం గుళ్ళో అందరూ మోకాళ్ళ మీద ఉండగా శాంతయ్య ఒక్కటే ప్రార్థన చేశాడు. శనివారం పొద్దున్నుంచి మిట్టమధ్యాహ్నం దాకా తోశారు. చివరికి జీవమ్మే వచ్చి తండ్రి చెయ్యి పట్టుకుని ఆపింది. అతని అరచేతులు రెండూ బొబ్బలు పగిలి ఉన్నాయి. ఆమె రోడ్డు పక్కనే కూర్చోబెట్టి కట్టు కట్టింది.

"పోనీలే నాయనా. నేనేమన్నా అడవికి పోతాండానా? ఆడ గూడా మనుషులే గదా."

"అన్నీ సరిగ్గానే చేసినా పాపా," అన్నాడు శాంతయ్య. అతని గొంతు చిన్నపిల్లవాడి గొంతులా ఉంది. "యాడ తప్పిందో తెలిస్తే గదా."

ఏప్రిల్ రెండో వారంలో జీవమ్మ ద్రోణాచలం స్టేషనులో రైలెక్కింది. దొర రాసిన జాబును ట్రంకుపెట్టెలో బైబిలు పక్కన పెట్టుకుంది. ఆసుపత్రికి తాళం పడింది. మందుల పెట్టెలు బండ్ల మీద కర్నూలు పోయాయి.

నెల తిరక్కుండా బండిని వేలం వేశారు. దస్తగిరి సాయిబు పాడుకున్నాడు. పాత ఇనుము ధరకు మించి ఎవరూ పాడలేదు. ఒక ఉదయం అతను భుజాన డబ్బా పెట్టుకుని కొట్టంలోకి వచ్చాడు. దావీదురాజు కూడా బడికి పోతూ ఆగాడు.

దస్తగిరి బండి చుట్టూ తిరిగాడు. తోలు పట్టీని వేలితో లాగి చూసి, "ఎవరు కుట్టిరప్పా ఇది? మద్రాసులో గూడా ఇట్లాంటిది దొరకదు," అన్నాడు. తర్వాత ట్యాంకు మూత తీసి, వంగి, ముక్కు దూరం పెట్టి, మళ్ళీ దగ్గర పెట్టాడు.

"ఇదేంది? దీపం నూనె గదా ఇది!"

"గ్యాసు నూనె," అన్నాడు శాంతయ్య. "మంచిదే. వడగట్టినా."

"అరే శాంతయ్యా! నేనడిగింది పెట్రోలప్పా! మా బస్సోళ్ళకు నూనె అంటే పెట్రోలే. దీంతో యాడైనా ఇంజను లేస్తాదా?" అంటూ ట్యాంకును నేల మీదికి ఒంపేశాడు. తాను తెచ్చిన డబ్బాలోది కొంచెం పోసి కడిగాడు. మిణుగురు పడే బుడ్డిని తీసి తుడిచి పెట్టాడు. మళ్ళీ పోశాడు. బండిని రోడ్డు మీదికి తీసుకుపోయి, పది అడుగులు తోసుకుంటూ పరుగెత్తి ఎగిరి కూర్చున్నాడు.

ఇంజను లేచింది.

ఆ చప్పుడుకు పేటలోని మనుషులందరూ బయటికొచ్చారు. దస్తగిరి గుడి దాకా పోయి తిరిగొచ్చాడు. శాంతయ్య బిగించిన ఒక్క మర కూడా వదులు కాలేదు, ఒక్క కుట్టు కూడా తెగలేదు. అతను కొట్టం గుంజను పట్టుకుని నిలబడి నవ్వుతున్నాడు. నవ్వుతుండగానే కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. తన పని తప్పు కాదు. ఆ సంతోషం వెనకాలే రెండో సంగతి వచ్చి తగిలింది, దాంతో అతను గుంజ దగ్గరే కూలబడ్డాడు.

"ఎవరప్పా నీకు ఈ నూనె పొయ్యమని చెప్పింది?" అని అడిగాడు దస్తగిరి బండి ఆపి.

"ఎవరూ చెప్పలేదు. నేనే పోసినా."

దావీదురాజు అతని వైపు చూశాడు. జీవమ్మ ఆ జాబు చదివి చెప్పిన సంగతి ఆయనకు తెలుసు. ఆ రోజే కూర్చుని, బండి నడుస్తుందని, జీవమ్మను వెనక్కి పంపమని కమిటీకి రాశాడు. అమ్మిన బండి గురించీ మూసిన ఆసుపత్రి గురించీ మళ్ళీ మాట్లాడేది లేదని రెండు వాక్యాల్లో జవాబు వచ్చింది. ఆ నెలలోనే చేనేతవాళ్ళ పల్లెలో ఒక తల్లీ బిడ్డా కాన్పులో పోయారు. ఆ కబురు తెచ్చినవాళ్ళకు శాంతయ్య మంచినీళ్ళు ఇచ్చాడు.

ఆషాఢంలో జీవమ్మ దగ్గర నుంచి జాబు వచ్చింది. బడి వదిలిన తర్వాత దావీదురాజు శాంతయ్య ఇంటి అరుగు మీద కూర్చుని చదివాడు. క్షేమ సమాచారాలయ్యాయి. పని ఎక్కువని, ఉక్క ఎక్కువని, తినడానికి జొన్నరొట్టె దొరకదని రాసింది. ఆ తర్వాత దావీదురాజు గొంతు తగ్గింది.

"ఈడ అమెరికా దొరసానమ్మకు ఒక కారు ఉండాది నాయనా. మొన్న ఆమె డ్రైవరును పిలిచి, గ్యాసు పోయించుకుని రమ్మనింది. వాడు పోయి పెట్రోలు పోయించుకుని వచ్చినాడు. నేను నిలబడి చూసినా. ఆ పొద్దు నుంచి నాకు నిద్ర లేదు. ఆ బండిలో ఎవరన్నా పెట్రోలు పోసి చూసినారా నాయనా? నడిచిందా? ఉన్నది ఉన్నట్టు రాయించు."

ఆయన చదవడం ఆపాడు. శాంతయ్య గోడకు ఆనుకుని, మానిపోయిన అరచేతులను చూసుకుంటున్నాడు. "రాయప్పా," అన్నాడు.

దావీదురాజు కలం సిరాలో ముంచాడు.

"పెట్రోలు పోసి చూసినారని రాయి. సాయిబు వచ్చి, ట్యాంకు కడిగి, కొత్తది పోసినాడని రాయి."

దావీదురాజు రాశాడు.

"అప్పటికీ నడవలేదని రాయి."

కలం ఆగింది. "శాంతయ్యా..."

"నూనెది కాదు తప్పు అని రాయి. మీ నాయన పనే మంచిది కాదు, మరలు సరిగ్గా బిగించలేదంట, కుట్టిన తోలు పట్టీ జారిపోయిందంట, సాయిబు చూసి నవ్వినాడంట, అని రాయి. ఇనుము కింద విరగ్గొట్టుకుని పోయినారని రాయి."

"నేను కళ్ళతో చూసినా గదప్పా. నువ్వు కుట్టిన పట్టీని ఆయన..." దావీదురాజు కలాన్ని పక్కన పెట్టాడు. "నా చేత అబద్ధం రాయిస్తావా?"

"నాకు రాత వస్తే నిన్ను అడుగుతానా?"

దావీదురాజు కలాన్ని మళ్ళీ సిరాలో ముంచాడు. తర్వాత శాంతయ్య చెప్పినదంతా, చెప్పిన మాట చెప్పినట్టే, తన గుండ్రటి దస్తూరీలో రాశాడు. మడవబోతుంటే శాంతయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. సిరాబుడ్డిని దగ్గరికి లాక్కుని బొటనవేలు అందులో ముంచాడు.

"కూతురికి రాసే జాబుకు ఏలిముద్ర ఎందుకప్పా?" అన్నాడు దావీదురాజు.

"నమ్మల్ల గదా," అని, శాంతయ్య ఆఖరి వాక్యం కింద వేలిని గట్టిగా అదిమి పెట్టాడు.